వైజాగ్‌లో పోలీసు పిలుపు మీద టోయింగ్ బండి, యార్డు పెట్టాలంటే ఎలా చేయాలి

గాజువాక ఆటోనగర్‌లోనో మర్రిపాలెం వైపో ఒక చిన్న క్రేన్ బండి పెట్టుకున్న చాలామందికి వచ్చే ఆలోచనే ఇది, ట్రాఫిక్ పోలీసుల దగ్గర బండి పెట్టేస్తే రోజూ పని ఉంటుంది కదా అని. పని ఉంటుంది, కాదనను. కానీ గ్యారేజీ మేస్త్రి ఫోన్ చేస్తే వెళ్ళి కారు లాక్కొచ్చే పని వేరు, ఎస్సై గారు పిలిస్తే వెళ్ళి బండి ఎత్తే పని వేరు. మొదటిదాంట్లో ఓనరే మిమ్మల్ని పిలిచాడు, పక్కనే నించుని చూస్తుంటాడు. రెండోదాంట్లో ఆయనకి తెలీకుండా, చాలాసార్లు ఆయనకి ఇష్టం లేకుండా, ఆయన ఆస్తి మీద మీరు చెయ్యి వేస్తున్నారు. అందుకే ఈ పనిలో లాగడం చిన్న భాగం, తిరిగి ఇచ్చేదాకా కాపాడ్డం పెద్ద భాగం. కింద చెప్పే కాయితాలు, ఫొటోలు, రిజిస్టర్లు అన్నీ ఆ పెద్ద భాగం కోసమే, అది బుర్రలో పెట్టుకుని చదవండి.

ముందు చట్టంలో మీరెక్కడున్నారో చూసుకోండి

మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 127 ఉంది, మీ పని మొత్తం దాని మీదే నిలబడుతుంది. అందులో చెప్పింది ఏంటంటే, పబ్లిక్ స్థలంలో బండిని 10 గంటలు లేదా అంతకంటే ఎక్కువసేపు ఎవరూ లేకుండా వదిలేసినా, పార్కింగ్ నిషేధం ఉన్నచోట పెట్టినా, దాన్ని టోయింగ్ సర్వీసుతో తీయించడానికో చక్రానికి క్లాంప్ (కదలకుండా పట్టే తాళం) వేయించడానికో పోలీస్ ఆఫీసర్ అధికారం ఇవ్వొచ్చు. ఆ ఆఫీసర్ యూనిఫాంలో ఉండాలి, ఆ ఏరియా ఆయన పరిధిలో ఉండాలి. ఒకవేళ బండి ఉన్న చోటు వల్ల ట్రాఫిక్‌కి ప్రమాదం ఉంటే 10 గంటలు ఆగక్కర్లేదు, వెంటనే తీయించొచ్చు. తీసిన ఖర్చు ఓనరుదే, జరిమానా దానికి అదనం.

ఇందులో మీరు పట్టుకోవాల్సిన ముక్క ఒక్కటే, నిర్ణయం ఆఫీసర్‌ది, చెయ్యి మాత్రమే మీది. ఏ బండి ఎత్తాలో మీరు గానీ మీ కుర్రాళ్ళు గానీ తేల్చకూడదు. జగదాంబ దగ్గర రోడ్డు వారన పది బైకులు ఉంటే "అన్నా అవి కూడా వేసేద్దామా" అని కుర్రాడు అంటాడు, ఆఫీసర్ పక్కన లేకుండా ఒక్కటి కూడా కదపొద్దు. ఆయన లేకుండా ఎత్తితే అది మీరు సొంతంగా వేరేవాళ్ళ బండి పట్టుకుపోయినట్టే, ఓనరు కంప్లైంట్ ఇస్తే మీ తరఫున మాట్లాడటానికి ఎవరూ ఉండరు.

పరిధి సంగతి కూడా తేలిగ్గా తీసుకోవద్దు. సిటీలో సీపీ (పోలీస్ కమిషనర్) గారి కమిషనరేట్ ఉంది, అది దాటితే వేరే జిల్లా ఎస్పీ గారి పరిధి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక అనకాపల్లి వేరు, అల్లూరి సీతారామరాజు జిల్లా వేరు. సిటీ ట్రాఫిక్ వాళ్ళతో రాసుకున్న అగ్రిమెంట్ పట్టుకుని అరకు ఘాట్‌లో బండి తీయడానికి వెళ్తే అక్కడ ఆ కాయితం చెల్లదు, అక్కడి స్టేషన్ నుంచి పిలుపు రావాలి, అది రాసి ఉండాలి. హైవే మీద అయితే ఇంకో సంగతి, నేషనల్ హైవే వాళ్ళకి 1033 హెల్ప్‌లైన్ ఉంది, టోల్ రోడ్డు నడిపే కంపెనీకి సొంత క్రేన్లు ఉంటాయి, మీరు మధ్యలో దూరేముందు ఎవరు పిలిచారో ఒక్కసారి అడగండి.

బండి కాయితాలు, రవాణా శాఖ పని

మాధవధారలో రవాణా శాఖ డీటీసీ (డిప్యూటీ ట్రాన్స్‌పోర్ట్ కమిషనర్) ఆఫీసుతో మొదలుపెట్టండి. చాలామంది చేసేది ఏంటంటే ఒక పాత లారీయో మినీ ట్రక్కో కొని, ఆటోనగర్‌లో వెల్డింగ్ చేయించి దాని మీద బూమ్ (బండిని ఎత్తే చెయ్యి), వించ్ (తాడు చుట్టి లాగే యంత్రం) బిగించి రోడ్డెక్కించేస్తారు. అలా కుదరదు. అదే చట్టంలో సెక్షన్ 52 ప్రకారం బండి తయారుచేసిన కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా మార్పు చేయకూడదు, చేయాలంటే రిజిస్టరింగ్ అథారిటీ అనుమతి తీసుకోవాలి, ఆర్సీలో బాడీ టైపు మారాలి. ఆర్సీలో గూడ్స్ క్యారియర్ అని ఉండి రోడ్డు మీద క్రేన్ కనపడితే ఫిట్‌నెస్‌లో ఆపుతారు, అంతకంటే ముఖ్యంగా ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట పట్టుకునేది అదే. డబ్బులుంటే కంపెనీ నుంచే రికవరీ వాహనంగా వచ్చింది కొనుక్కోవడం మేలు, కొంచెం ఎక్కువైనా తలనొప్పి ఉండదు.

పర్మిట్ గురించి ఒక అపోహ ఉంది. సెక్షన్ 66లో, చెడిపోయిన బండిని లాగడానికి వాడే ట్రాన్స్‌పోర్ట్ వాహనానికి పర్మిట్ అక్కర్లేదు అని ఉంది, మొత్తం బరువు 3,000 కిలోలు దాటని గూడ్స్ బండికి కూడా అక్కర్లేదు. దాంతో మనకి పర్మిటే వద్దు అనేస్తుంటారు. కానీ ఆ మినహాయింపు చెడిపోయిన బళ్ళ గురించి. మీరు పోలీసుల కోసం ఎత్తేవాటిలో సగం పైన శుభ్రంగా నడిచే బళ్ళే, తప్పు చోట పెట్టినవి. ఫ్లాట్‌బెడ్ (చదును ట్రే ఉన్న బండి) మీద మంచి కారు ఎక్కించుకుని వెళ్తుంటే అది సరుకు రవాణా అని ఎవరైనా అంటే జవాబు చెప్పుకోలేరు. కాబట్టి మీ బండి 3,000 కిలోలు దాటితే గూడ్స్ పర్మిట్ తీసేసుకోండి, లేదా రవాణా శాఖ (ఆర్టీఏ) ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి జవాబు ఫైల్లో పెట్టుకోండి. నోటిమాట ఎవరిదైనా పనికిరాదు.

ఫిట్‌నెస్ కొత్త ట్రాన్స్‌పోర్ట్ బండికి మొదట 2 ఏళ్ళకి ఇస్తారు, 8 ఏళ్ళ వయసు వచ్చేదాకా 2 ఏళ్ళకోసారి, తర్వాత ఏటా. డ్రైవర్ లైసెన్స్ విషయంలో, 7,500 కిలోలు దాటని బండి అయితే ఎల్‌ఎంవీ (తేలిక వాహనాల) లైసెన్స్‌తో ట్రాన్స్‌పోర్ట్ వాహనం కూడా నడపొచ్చని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. అంతకంటే పెద్ద క్రేన్ అయితే హెవీ లైసెన్స్ ఉన్నవాడే ఎక్కాలి, హెల్పర్‌కి స్టీరింగ్ ఇవ్వొద్దు, పక్క వీధికి కూడా.

లైట్ల దగ్గర జాగ్రత్త. ఎరుపు, నీలం, తెలుపు కలిపి మెరిసేది ఎమర్జెన్సీ డ్యూటీ బళ్ళ కోసం. పోలీసు పని చేస్తున్నాం కదా అని అది పెట్టించుకోవద్దు, బండి మీద పోలీస్ అని రాయించుకోవద్దు. ట్రాఫిక్ వాళ్ళు బోర్డు పెట్టమని రాసిస్తే అందులో ఉన్న అక్షరాలే, ఆ డ్యూటీ టైములోనే.

ఇన్సూరెన్స్, ఇక్కడే ఎక్కువమంది మునిగిపోతారు

మామూలు కమర్షియల్ ప్యాకేజీ పాలసీ ఒకటి తీసి షరతులు చదవండి. చెడిపోయిన బండిని లాగుతున్నప్పుడు పాలసీ నడుస్తుంది అని ఉంటుంది, ఆ వెంటనే రెండు ముక్కలుంటాయి, డబ్బు తీసుకుని లాగకూడదు, లాగుతున్న బండికి జరిగిన డ్యామేజీకి మేం బాధ్యులం కాదు అని. అంటే మీ వ్యాపారం ఏదో సరిగ్గా అదే బయటికి తోసేశారు. 20 లక్షల కారు హుక్కు జారి పడితే ఆ పాలసీ నుంచి పైసా రాదు.

అందుకని ఏజెంట్ దగ్గర "ఫుల్ ఇన్సూరెన్స్ చేయి బాబూ" అనేసి సంతకం పెట్టి వచ్చేయకండి. డబ్బు తీసుకుని టోయింగ్ చేస్తాను, లాగే బండికీ యార్డులో ఉంచిన బండికీ జరిగే నష్టం కవర్ కావాలి అని కాయితం మీద రాసి అడగండి. ఒకే పాలసీలో రాకపోతే రెండు తీసుకోవాల్సి వస్తుంది, యార్డుకి నిప్పు, దొంగతనం, బయటివాళ్ళకి జరిగే నష్టం కలిపి వేరేగా. ప్రీమియం చూస్తే గుండె గుభేల్‌మంటుంది కానీ ఈ ఖర్చు లెక్క వేయకుండా టెండర్‌లో రేటు కోట్ చేస్తే మీరు నష్టానికి పని ఒప్పుకున్నట్టే.

యార్డు ఎక్కడ, ఎలా

స్థలం సొంతమైనా లీజు అయినా రిజిస్టర్ చేసిన కాయితం ఉండాలి. జీవీఎంసీ (విశాఖ మున్సిపల్ కార్పొరేషన్) ట్రేడ్ లైసెన్స్ కావాలి, గడువు దాటకుండా రెన్యువల్ చేయించాలి, వార్డు సచివాలయంలో అడిగితే ఏ కాయితాలు కావాలో చెప్తారు. షాపులు, సంస్థల చట్టం కింద లేబర్ డిపార్ట్‌మెంట్ రిజిస్ట్రేషన్. జీఎస్టీ సర్వీసులకి ఏడాదికి 20 లక్షలు దాటితే తప్పనిసరి, ప్రభుత్వ టెండర్లకి వెళ్ళేవాళ్ళు ముందే తీసుకుంటే మంచిది. ఉద్యం (చిన్న వ్యాపారాల) రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, దానికి ఎవరికీ డబ్బులు ఇవ్వొద్దు.

చోటు ఎంచుకునేటప్పుడు ఓనరు వైపు నుంచి ఆలోచించండి. ద్వారకానగర్‌లో స్కూటీ ఎత్తి పరవాడ అవతల పడేస్తే ఆ అమ్మాయి రాత్రి ఎనిమిదింటికి అక్కడికి ఎలా వస్తుంది. స్థలం చవగ్గా దొరికిందని ఊరి చివర తీసుకోవడం నాకు నచ్చని పని. తప్పు చోట పెట్టిన బళ్ళకి సిటీలోనే, బస్సు దిగి నడిచి వచ్చేలా ఒక చిన్న చోటు, కేసుల్లో పట్టుబడ్డ బళ్ళకీ యాక్సిడెంట్ బళ్ళకీ దూరంగా పెద్ద చోటు, ఇలా రెండుగా పెట్టుకోగలిగితే అందరికీ మంచిది. గేటు దగ్గర వెలుతురు, కూర్చోడానికి రెండు కుర్చీలు, మంచినీళ్ళు, రేటు కార్డు తెలుగులో పెద్ద అక్షరాలతో. ఇవి పెడితే గొడవలు సగం తగ్గిపోతాయి, కోపంగా వచ్చిన మనిషి రేటు గోడ మీద చూసి ఊరుకుంటాడు.

చుట్టూ గోడ, సీసీ కెమెరాలు, రికార్డింగ్ ఎన్ని రోజులు ఉంచాలో అగ్రిమెంట్‌లో ఏం రాస్తే అన్నాళ్ళు. మంటలార్పే సిలిండర్లు గేటు దగ్గర ఒక్కటి పెట్టి చేతులు దులుపుకోవద్దు, లైనుకొకటి పెట్టండి. గుద్దుకున్న బండి వస్తే పెట్రోల్ కారుతోందేమో చూసి బ్యాటరీ వైరు తీయించాలి, కేసు బండి అయితే ఐవో (కేసు దర్యాప్తు అధికారి) గారికి చెప్పి తీయాలి. ఎలక్ట్రిక్ బండి గుద్దుకున్నదో నీళ్ళలో మునిగినదో వస్తే మిగతావాటికి దూరంగా ఖాళీ చోట పెట్టండి, వాటి బ్యాటరీ కొన్ని రోజుల తర్వాత కూడా అంటుకోగలదు.

వానాకాలం సంగతి మర్చిపోవద్దు. పాత టైర్లలో, ఊడిపోయిన బంపర్లలో నీళ్ళు నిలిస్తే డెంగీ దోమ పెరిగేది అక్కడే, పక్కింటివాళ్ళు జీవీఎంసీకి ఫోన్ చేస్తే మీ ట్రేడ్ లైసెన్స్ మీదకి వస్తుంది. వారానికోసారి నీళ్ళు ఒంపేయడం ఒకరి డ్యూటీగా రాసిపెట్టండి. ఇంకోటి, హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబర్ 12 గుర్తున్నవాళ్ళెవరూ పెద్ద చెట్టు కింద బళ్ళు పెట్టరు.

పోలీసుల దగ్గర ఎలా నమోదవ్వాలి

అన్ని కాయితాలూ రెడీ అయ్యాకే సీపీ ఆఫీసులో ట్రాఫిక్ విభాగానికి అర్జీ పెట్టండి. ఆర్సీ, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, పొల్యూషన్, డ్రైవర్ల లైసెన్సులు, యార్డు లీజు, ట్రేడ్ లైసెన్స్, జీఎస్టీ, పాన్, బండి నాలుగు వైపుల ఫొటోలు, బూమ్ ఎన్ని టన్నులు ఎత్తగలదో తయారీదారు ఇచ్చిన కాయితం, అన్నీ ఒక ఫైల్లో వరసగా. పనిచేసే ప్రతి కుర్రాడికీ పోలీస్ వెరిఫికేషన్ చేయించండి, వాళ్ళు అడక్కపోయినా మీరే చేయించండి, రేపు కారులోంచి లాప్‌టాప్ పోయిందని ఎవరైనా అంటే మొదట చూసేది మీ మనుషులనే. టెండర్ పద్ధతిలో అయితే ఏపీ ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లోనో కేంద్రం నడిపే ప్రభుత్వ కొనుగోళ్ళ సైటు జెమ్‌లోనో నోటీసు వస్తుంది, డిజిటల్ సిగ్నేచర్ ముందే తీసుకుని ఉంచుకోవాలి, నోటీసు వచ్చాక పరిగెత్తితే టైమైపోతుంది.

అగ్రిమెంట్ మీద సంతకం పెట్టేముందు ఈ ప్రశ్నలకి జవాబు అందులో ఉందో లేదో చూడండి. డబ్బు ఎవరిస్తారు, నెలకి అద్దెనా, బండికి ఇంతనా. ఓనరు దగ్గర వసూలు చేసేది ఎవరు, మీరా స్టేషనా. యార్డులో ఉంచిన బండికి రోజు అద్దె ఎప్పటినుంచి మొదలవుతుంది. కోర్టు బండి వదలమంటే పెండింగ్ అద్దె ఎవరు కడతారు. ఆఫీసర్ తప్పుగా ఎత్తించాడని తేలితే ఖర్చు ఎవరిది. పిలిచాక ఎంతసేపట్లో చేరాలి. ఈ ఆరింటిలో ఒక్కటి ఖాళీగా ఉన్నా అడిగి రాయించండి, సిగ్గుపడక్కర్లేదు. ముఖ్యంగా అద్దె బాకీ ఉంది కాబట్టి బండి ఇవ్వను అని పట్టుకు కూర్చునే హక్కు మీకుందని ఊహించుకోవద్దు, రిలీజ్ ఆర్డర్ వచ్చిన బండి ఆపితే మీరు కోర్టు మాట కాదన్నట్టు అవుతుంది.

నా అభిప్రాయం అడిగితే నెల అద్దె పద్ధతే మంచిది. బండికి ఇంత అని ఉంటే ఎన్ని ఎక్కువ ఎత్తితే అంత డబ్బు, అప్పుడు చెయ్యి ఊరుకోదు. మీ కుర్రాళ్ళకి కూడా జీతమే ఇవ్వండి, బండికి కమీషన్ పెట్టొద్దు. కమీషన్ పెట్టిన రోజు నుంచే వాళ్ళు ఇండికేటర్ వేసి మందుల షాపులోకి వెళ్ళినవాడి బండి కూడా ఎత్తడానికి చూస్తారు, కేజీహెచ్ (పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి) ముందు చీటీ పట్టుకుని పరిగెత్తే మనుషుల బళ్ళు ఉంటాయి, అక్కడ ఎత్తే ముందు ఆఫీసర్‌ని ఒక్క నిమిషం ఆగమని అడగడం మీ బాధ్యత అనుకోండి. ప్రభుత్వ బిల్లులు సీఎఫ్ఎంఎస్ (ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ పద్ధతి)లో పడి వచ్చేసరికి ఆలస్యమవుతుంది, బండి ఈఎంఐ ఆ డబ్బు మీద ఆధారపడకుండా గ్యారేజీల పని, ఇన్సూరెన్స్ కంపెనీల బ్రేక్‌డౌన్ కాల్స్ కూడా పెట్టుకోండి.

ఎత్తేటప్పుడు

ముందు మీ తాడు చూసుకోండి. మన ఊళ్ళో ఉప్పుగాలికి వించ్ వైరు రోప్ లోపల్నుంచి తుప్పు పడుతుంది, పైన గ్రీజు మెరుస్తుంటే బాగానే ఉన్నట్టు కనపడుతుంది. పొద్దున్న డ్యూటీ ఎక్కేముందు లోడు లేకుండా రోప్ మొత్తం బయటికి తీసి, గ్లౌజు వేసుకుని ఒక పాత కాటన్ గుడ్డ దాని చుట్టూ పట్టి నెమ్మదిగా లాగండి. ఎక్కడ గుడ్డ పోగు పట్టుకుని ఆగిందో అక్కడ తీగ తెగి ఉంటుంది. హుక్కు దగ్గర వంపు తిరిగే చోటా డ్రమ్ము చివరా ఎక్కువగా పోతుంది. తీగలు ఒకేచోట గుంపుగా తెగి కనపడినా, రోప్ ఒకచోట సన్నబడినా మార్చేయండి, ముడేసి వాడొద్దు. కొత్తది కొనేటప్పుడు గాల్వనైజ్డ్ అడగండి. హుక్కుకి నోరు మూసే లాచ్ ఉండాలి, అది ఊడిపోతే ఆ రోజు బండి బయటికి తీయొద్దు.

స్పాట్‌కి వెళ్ళాక మొదటి పని ఫోన్ తీయడం. నాలుగు వైపులా ఫొటోలు, నంబరు ప్లేటు, నో పార్కింగ్ బోర్డు ఒకే ఫ్రేములో వచ్చేలా ఒకటి, ఉన్న గీతలు సొట్టలు దగ్గర్నుంచి, అద్దంలోంచి లోపల సీటు మీద ఏముందో అది. టైము పడేలా వీడియో ఒకటి తీస్తే ఇంకా మంచిది. బండిలో మనిషి ఉంటే, పసిపిల్లైనా, ముసలాయనైనా, నిద్రపోతున్న డ్రైవరైనా ఎత్తకండి, ఎవరు చెప్పినా సరే. ఓనరు పరిగెత్తుకుంటూ వస్తే ఆఫీసర్ దగ్గరికి పంపించి మీరు పక్కకి తప్పుకోండి, "నేను వదలనండి" అని మీరు అనడానికి మీకు అధికారం లేదు, "సార్‌తో మాట్లాడండి అన్నయ్యా" అనండి చాలు.

బైకులకి బెల్టు వేసేటప్పుడు సైలెన్సరుకీ ఇండికేటరుకీ తగలకుండా చూడాలి, స్కూటర్లకి ప్లాస్టిక్ బాడీ కింద పట్టుకుని పైకి లాగితే పగిలిపోద్ది, ఫ్రేముకి పట్టాలి. హ్యాండిల్ లాక్ పడి ముందు చక్రం పక్కకి తిరిగి ఉంటుంది కాబట్టి ట్రే మీద నిలబెట్టాక రెండు బళ్ళ మధ్య పాత టైరు ముక్క పెట్టండి. కార్ల దగ్గర హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంటుంది, ముందు చక్రాలతో నడిచే కారైతే ముందు వైపు ఎత్తి వెనక చక్రాల కింద డాలీలు (చిన్న చక్రాల బల్లలు) పెట్టాలి, హ్యాండ్‌బ్రేక్ పట్టి ఉన్న చక్రాలని ఈడిస్తే టైరు కాలిపోతుంది. ఆటోమేటిక్ గేరు కార్లు, ఎలక్ట్రిక్ కార్లు, నాలుగు చక్రాలతో నడిచేవి, వీటిని నడిపే చక్రం నేల మీద తిరిగేలా లాగొద్దు. ఫ్లాట్‌బెడ్ తెప్పించండి, ఆలస్యమైనా పర్లేదు. తాడుతో లాగాల్సి వస్తే రెండు బళ్ళ మధ్య 5 మీటర్లు దాటకూడదు, వెనక బండి స్టీరింగ్ దగ్గర లైసెన్స్ ఉన్న మనిషి కూర్చోవాలి, లేదా దాని ముందు చక్రాలు నేలకి తగలకుండా ఎత్తి కట్టాలి.

ఫిషింగ్ హార్బర్ వైపు చేపల లోడుతో ఉన్న ఆటోలు వస్తాయి, వాటిని అలాగే తెచ్చి యార్డులో పడేస్తే సరుకు మొత్తం పోతుంది, వాళ్ళ పెట్టుబడి ఆ బుట్టల్లోనే ఉంటుంది. ఆఫీసర్‌ని అడిగి సరుకు దింపుకునే టైము ఇప్పించండి, దింపినట్టు సంతకం తీసుకోండి.

ఎత్తిన వెంటనే, యార్డుకి చేరాక కాదు, స్టేషన్‌కీ కంట్రోల్ రూమ్‌కీ నంబరు, ఎక్కడ ఎత్తారు, ఎక్కడికి తీసుకెళ్తున్నారు అనేది చెప్పేయండి. లేకపోతే ఓనరు 112కి ఫోన్ చేసి బండి దొంగతనం అయిందంటాడు, ఆ రాత్రంతా ఇద్దరికీ నిద్ర ఉండదు. ఎత్తిన చోట సుద్దముక్కతో యార్డు పేరు, ఫోన్ నంబరు రాసి వెళ్ళడం పాత పద్ధతే కానీ ఇప్పటికీ అంత బాగా పనిచేసేది ఇంకోటి లేదు.

సింహాచలం చందనోత్సవం, గిరి ప్రదక్షిణ, డిసెంబర్ 4 నేవీ డే, మధురవాడలో క్రికెట్ మ్యాచ్, ఇలాంటి రోజుల్లో ట్రాఫిక్ వాళ్ళతో ముందురోజే కూర్చుని ఎక్కడ ఏ బండి నిలబడాలో మాట్లాడుకోండి. ఆ రోజుల్లో దూరంగా తీసుకెళ్ళే బదులు పక్క వీధిలో ఖాళీ చోటికి జరిపించి వదిలేయడమే చాలాసార్లు సరైన పని, అడిగితే ఆఫీసర్లు ఒప్పుకుంటారు.

యాక్సిడెంట్ బళ్ళు, కేసు బళ్ళు

ఇవి వేరే జాతి. యాక్సిడెంట్ బండి అంటే సాక్ష్యం. కడగొద్దు, పగిలిన అద్దం ముక్క తీసి పారేయొద్దు, సీటు ముందుకి వెనక్కి జరపొద్దు, సీట్‌బెల్ట్ ఎలా ఉందో అలాగే ఉండాలి. క్లూస్ టీమ్ (ఆధారాలు సేకరించే పోలీసు బృందం) చూసిందా లేదా ఐవో గారిని అడిగాకే హుక్కు వేయండి, వేసే చోట గుద్దిన గుర్తులు ఉంటే వేరే చోట వేయండి. ఆ తర్వాత మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ (ఎంవీఐ) వచ్చి బ్రేకులు అవీ చూస్తారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 136 ప్రకారం బండిని ఎక్కడికి తీసుకెళ్ళారో ఓనరుకి చెప్పాలి, ఆ తనిఖీ అయ్యాక 24 గంటల్లో తిరిగి ఇవ్వాలి. ఎంవీఐ వచ్చిన రోజు, టైము మీ రిజిస్టర్‌లో రాసుకోండి, ఆలస్యం మీ వల్ల కాలేదని చూపించడానికి అదే దిక్కు.

ఏజెన్సీ (మన్యం) నుంచి వచ్చే గంజాయి కేసు బళ్ళు మన దగ్గర ఎక్కువే, మీకు తెలుసు. వాటికి సీలు వేసిన చోట చెయ్యి పెట్టొద్దు, డోరు ప్యానెల్ వదులుగా ఉందని బిగించొద్దు, లోపల దాచిన అర ఉందేమో అని చూడొద్దు. స్టేషన్ ఇచ్చిన కాయితం మీద క్రైమ్ నంబరు, సెక్షన్, మధ్యవర్తుల రిపోర్టు (పట్టుకున్నప్పుడు సాక్షుల ముందు రాసింది) తేదీ ఉన్నాయో లేదో చూసి, సీలు ఫొటో తీసి, సంతకం తీసుకుని వేరే లైనులో తాళం వేసి పెట్టండి. మీ మనిషిని రేపు కోర్టుకి సాక్షిగా పిలవొచ్చు, ఆ రోజు చేతిలో ఉండేది ఈ రిజిస్టరే.

వదిలిపెట్టేటప్పుడు

నో పార్కింగ్ బండి అయితే చలాన్ కట్టిన రుజువు, స్టేషన్ రిలీజ్ చీటీ, ఆర్సీ, గుర్తింపు కార్డు. ఆర్సీ డిజీలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో చూపిస్తే చెల్లుతుంది, ఒరిజినల్ తెమ్మని తిప్పించొద్దు. బండి వేరేవాళ్ళ పేరు మీద ఉంటే ఓనరు నుంచి ఉత్తరం, ఫోన్‌లో ఒక మాట. జరిమానా వేరు, టోయింగ్ ఖర్చు వేరు, రెండిటికీ రెండు రసీదులు, మీ చేతికి చలాన్ డబ్బు నగదుగా ఇస్తానన్నా తీసుకోవద్దు. ఎత్తినప్పుడు తీసిన ఫొటోలు ఫోన్‌లో తెరిచి ఓనరుతో కలిసి బండి చుట్టూ ఒక్కసారి తిరగండి, లోపలి వస్తువులు చూసుకోమనండి, అప్పుడు టైము వేసి సంతకం.

కేసు బండి అయితే కోర్టు ఆర్డర్ ఉండాలి. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ బదులు బీఎన్ఎస్ఎస్ అనే చట్టం వచ్చింది కదా, దాంట్లో సెక్షన్ 497, 503 కింద మేజిస్ట్రేట్ బాండు తీసుకుని బండి ఇప్పిస్తారు. బళ్ళని స్టేషన్లలో ఏళ్ళ తరబడి ఎండకీ వానకీ వదిలేయకూడదని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది, ఫొటోలు తీసి బాండు మీద ఇచ్చేయమంది. మీ యార్డుకి వచ్చి ఏడ్చే ఓనరుకి ఈ సంగతి చెప్పండి, లాయర్‌ని పట్టుకుని పిటిషన్ వేసుకోమనండి, చాలామందికి కేసు తేలేదాకా బండి రాదనే ఉంది బుర్రలో.

ఎవరూ రాని బళ్ళు

ప్రతి యార్డులోనూ ఓ మూల ఇవి పేరుకుపోతాయి. టైర్లు దిగిపోయి, సీట్లు చిరిగిపోయి. వీటిని మీరు అమ్మకూడదు, ఒక బోల్టు కూడా తీయకూడదు, "ఎవరూ రాలేదు కదా" అనేది జవాబు కాదు. ఓనరు తెలీకపోతే మేజిస్ట్రేట్ ప్రకటన ఇప్పిస్తారు, 6 నెలల్లోపు ఎవరైనా వచ్చి నాది అని నిరూపించుకోవచ్చు, రాకపోతే వేలమో స్క్రాపో అనేది ఆర్డర్ ప్రకారం జరుగుతుంది. 2021లో వచ్చిన రూల్స్ ప్రకారం స్క్రాప్ చేయడానికి రిజిస్టర్ అయిన సెంటర్లే ఉన్నాయి, పాత ఇనుము కొట్టు కాదు.

మీరు చేయాల్సింది ప్రతి నెలా మొదటి వారంలో 30 రోజులు దాటిన బళ్ళ లిస్టు, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, వచ్చిన తేదీ, కేసు నంబరుతో టైప్ చేసి స్టేషన్ రైటర్‌కి ఇచ్చి రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోవడం. నంబరు ప్లేటు నమ్మొద్దు, ఛాసిస్ నంబరు మీద గుడ్డతో తుడిచి సుద్ద రుద్ది చదవండి. దొంగ నంబరుతో తిరిగిన బండి అసలు ఓనరు శ్రీకాకుళంలోనో రాయగడలోనో ఎఫ్ఐఆర్ పెట్టి ఎదురుచూస్తుంటాడు. అలాంటిది ఒక్కటి దొరికినా ఆ లిస్టు రాసిన కష్టం ఊరికే పోలేదు, ఆ స్టాంపు వేసిన కాపీలు మాత్రం అగ్రిమెంట్ అయిపోయాక కూడా పారేయకండి.